ఉప్పునకు తోడు చక్కెర



ఉప్పుజాడి నెఱుగని యిల్లాలు లేదు. పప్పునకు ఎంత, పచ్చడికి ఎంత, ఊరగాయకు ఎంత యనునది మన చేతివేళ్లే చెప్పును గాని కొలపాత్రలతో మనకు పనిలేదు. మేమును మార్కాపురమున సంసారము నడుపుచున్న యీ పదునాలుగేండ్లలో ఆ వేళ్లనే నమ్ముకొని యుంటిమి. నమ్మకము చెడిన దొక్కసారియే. ఆ యొక్కసారికే మా యింటి దీపము ఆరిపోవలసినది.

మా తండ్రిగారు మాకు ఇంటనే చదువు చెప్పిరి. అమరకోశము, రఘువంశము, పోతనగారి భాగవతము మా చదువు. విజ్ఞానశాస్త్రములు అందులో లేవు. దేహము తొమ్మిది వాకిళ్ల పురమని పెద్దలు చెప్పగా విని, ఆ తొమ్మిదింటిని శుచిగా కాపాడుకొనుటయే ఆరోగ్యమని యనుకొనియుంటిమి. ఆ లెక్క యెంత చిన్నదో నాలుగేండ్ల క్రిందటి యొక వేసవిరాత్రి మాకు తెలిసివచ్చెను. అందలి తప్పు మాది. మఱియొక యింట నట్టి తప్పు జరుగకుండుటకై సిగ్గు విడిచి వ్రాయుచున్నాము.

అది వైశాఖమాసము. పడమట నల్లమల కొండలు కనబడుచున్నను వాని చల్లదనము మా యూరి వఱకు రాదు. మావారు పరీక్షాపత్రములు దిద్దు పనిమీద ఒంగోలు వెళ్లియుండిరి. ఇంట మేమును, అత్తగారును, పెద్దమ్మాయియు, పదునెనిమిది మాసముల చిన్నవాడును ఉంటిమి. ఆనాటి యుదయమున చిన్నవానికి విరేచనములు మొదలైనవి. మధ్యాహ్నమునకు ఎనిమిది సారులయ్యెను. అవి కడుగునీళ్లవలె నుండెను. నడుమ నడుమ వాంతియు నయ్యెను.

అత్తగారు మంచము ప్రక్కన కూర్చుండి, “నీళ్లు తగ్గించవే అమ్మాయీ. పోసేకొద్దీ పోతానే ఉంటాయి. కడుపు ఎండగడితే అదే కట్టుకుంటుంది” అనిరి. ఆమె మాట వానిపై ప్రేమచేత వచ్చినదే. అయినను ఉప్పు చక్కెర కలిపిన నీరు పట్టవలెనని మేమెక్కడనో వినియుంటిమి. చెవిసోకిన మాటయే గాని కొలత తెలియదు. చెంబెడు నీటిలో చిటికెడు ఉప్పు, కొంచెము చక్కెర వేసి చెంచాతో పట్టితిమి. పిల్లవాడు ఉమిసివేసెను. మఱికొంత చక్కెర వేసితిమి. అప్పుడును ముఖము త్రిప్పుకొనెను. ఇంకను వేసితిమి. తుదకు వాడు ఆశగా త్రాగనారంభించెను. మేము సంతోషించితిమి. తల్లిప్రేమకు చక్కెరడబ్బా కనబడినదే గాని చెంచా లెక్క కనబడలేదు.

అరగంటలో విరేచనములు రెట్టింపయ్యెను. దీపాలవేళకు వాని కన్నులు గుంటలు పడెను. ఏడ్చునుగాని కన్నీరు రాదు. నోరు ఎండిపోయెను. పొట్టమీది చర్మమును మెల్లగా పట్టి వదలిన, వెంటనే సమమై పోక నెమ్మదిగా దిగుచుండెను. ప్రొద్దుటినుండి తడిసిన పొత్తిగుడ్డ లేదు.

మా వీధిలో ఒక ఆశా కార్యకర్త గలదు. మాకంటె చిన్నది. పెద్దమ్మాయి పరుగెత్తిపోయి పిలుచుకొని వచ్చెను. ఆమె వచ్చి, చెంబులోని నీటిని ఒక చుక్క నాలుకపై వేసికొని, “అక్కా, ఇది మందు గాదు, పానకం. తీపి ఎక్కువైతే కడుపులోకి ఇంకా నీళ్లు లాగుద్ది” అనెను. ఆ నీటిని తానే పెరటిలో పాఱబోసెను. లీటరు సీసా తెప్పించి, తన సంచిలోని ఓఆర్ఎస్ పొట్లమును సాంతము అందులో కలిపెను. నిమిషమునకొక చెంచా చొప్పున పట్టుమనియు, వాంతియైన పది నిమిషములు ఆగి మఱల మెల్లగా మొదలిడుమనియు చెప్పెను. ఎదురింటి ఆటో అబ్బాయిని మేలుకొని యుండుమని చెప్పి, “తాగడం మానేసినా, కళ్లు తేలేసినా ఒక్క నిమిషం ఆగొద్దు, ఆసుపత్రికే” అని మాతోపాటు కూర్చుండెను.

ఎన్ని చెంచాలు పట్టితిమో లెక్క లేదు. పెద్దమ్మాయి గడియారము చూచి చెప్పుచుండెను, మేము పట్టుచుంటిమి. అత్తగారు గోడకానుకొని మాటలాడక చూచుచుండిరి. కోడికూతవేళకు వాడు ఒడిలో మూత్రము విడిచెను. ఆ తడిని చూచి మేమిద్దఱము ఏడ్చితిమి.

మఱునాడు మావారు వచ్చిరి. మావారు ఉన్నతపాఠశాలలో జీవశాస్త్రము చెప్పుదురు. జరిగినదంతయు విని మమ్ము ఒక్కమాటయు అనలేదు. సాయంకాలము పెద్దమ్మాయి పలక తీసికొని పక్కన కూర్చుండిరి. మా యూరు పలకలకు పేరుపొందిన యూరు. ఆ పలకపై రెండు గీతలు గీచి, “ఇది ప్రేగు. ఈ గీత దీని గోడ. ఎంత మందముండు ననుకొనుచున్నావు?” అని యడిగిరి. తోలు సంచియంత యుండునని మేమంటిమి. అన్నము నీరు తాకు లోపలిపొర ఒక్క కణముంత మందమేనట! ఆ కణములు ఇటుకలవలె ఒకదాని నొకటి అంటుకొని వరుసగా నిలిచియుండును. ప్రేగునకే గాక నోటికి, ఊపిరితిత్తులకు, మూత్రపిండముల నాళములకు, చర్మమునకు, లోపలికిని వెలుపలికిని నడుమ ఎక్కడ హద్దు గలదో అక్కడనెల్ల ఇట్టి పొరయే గలదు. దీనికి ఉపకళ యని పేరు. ప్రేగులోని యీ కణములు నాలుగైదు దినములకొకసారి రాలిపోయి క్రొత్తవి వచ్చుచుండునట.

ఉప్పు నీటిలో కరగినప్పుడు రెండుగా విడిపోవును. ఒకటి సోడియము, రెండవది క్లోరైడు. సోడియము ధనవిద్యుత్తును, క్లోరైడు ఋణవిద్యుత్తును మోయును. ఇట్లు విద్యుత్తు మోయు కణికలను అయానులందురు. కణముపై నుండు పొర క్రొవ్వుపదార్థముతో నేసినది గనుక అయానులు దానిని చీల్చుకొని పోలేవు. వానికి ప్రత్యేకముగా వాకిళ్లుండవలెను, వాకిలి వాకిలికి కావలివాడుండవలెను. వైకుంఠద్వారమున జయవిజయు లుండినట్లు ఒక్కొక్క కణముపై లెక్కకు మిక్కిలిగా ద్వారపాలకులు గలరని విని, మా తొమ్మిది వాకిళ్ల లెక్కను తలచుకొని నవ్వుకొంటిమి.

ఆ ద్వారపాలకులలో ముఖ్యుడు రక్తము వైపున నుండును. వాడు కణములోని మూడు సోడియములను బయటకు నెట్టి, రెండు పొటాషియములను లోనికి తెచ్చును. రేయింబవళ్లు ఇదే పని. అందుచేత కణములో సోడియము ఎల్లప్పుడు కొఱతగా నుండును. కొఱత యున్నచోటికి వెలుపలి సోడియము రాజూచును. 1957లో డెన్మార్కు దేశపు స్కూ అను పండితుడు పీతకాలి నరములలో ఈ ద్వారపాలకుని కనుగొనెను. 1997లో ఆయనకు నోబెలు బహుమానములో భాగము లభించెను.

ఈ పనికి కూలి కావలెను గదా యని మేమడిగితిమి. ఆ కూలి యిచ్చు పదార్థము ఏటీపీ. దానిని 1929లో అమెరికాలోని హార్వర్డునందు ఫిస్కే యను ఆచార్యునితో కలిసి కండరములనుండి వేఱుచేసినవారు మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే యేట జర్మనీలో లోమన్ అను పండితుడును దానిని కనుగొనెను. సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. ఆయన సోదరులిద్దఱు కొలది దినముల యెడముతో స్ప్రూ అను ప్రేగువ్యాధిచే మరణించిరి. ఆ వ్యాధిలో ఈ లోపలిపొరయే చెడి, తిన్నది ఒంటికి పట్టదు. సోదరులను పొట్టనబెట్టుకొన్న ఆ పొర నడచు విధమునకు మూలమైన కూలిని కనుగొనినవారిలో ఆయన యొకరగుట విని మా మనస్సు కలగెను.

ఇక ప్రేగులోని అన్నము వైపున సోడియము లోనికి వచ్చు వాకిళ్లు పలువిధములు. ఒక వాకిట వస్తువు మార్చుకొనుట గలదు. కణము తనలోని ఆమ్లకణిక నొకదానిని బయటకిచ్చి సోడియము నొకదానిని పుచ్చుకొనును. దాని ప్రక్కవాకిట బైకార్బొనేటు నిచ్చి క్లోరైడును పుచ్చుకొనును. మఱియొక వాకిట తోడు కావలెను. రెండు సోడియములు ఒక గ్లూకోజు కణికతో కలిసి వచ్చిననే కావలివాడు తలుపు తిప్పును. సోడియము లేక గ్లూకోజునకు, గ్లూకోజు లేక సోడియమునకు అక్కడ ప్రవేశము లేదు. ఈ రెండును లోనికి పోగా నీరు వానివెంట పోవును. పెద్దవారి ప్రేగులలోనికి త్రాగిన నీరును, ఊరు రసములును కలిసి దినమునకు సుమారు 9 లీటర్లు చేరునట. అందు బయటకు పోవునది ఒకటి రెండు వందల మిల్లీలీటర్లు మాత్రమే. మిగిలినదంతయు ఈ వాకిళ్లగుండ మఱల రక్తమున కలియవలసినదే.

“అట్లయిన విరేచనములేల?” అంటిమి. కలరా వంటి వ్యాధులలో సూక్ష్మజీవి విడుచు విషము క్లోరైడు బయటకు పోవు తలుపును తెఱచి, మూయనీయక పట్టుకొనును. క్లోరైడు ప్రేగులోనికి పొరలిపోవును, దానివెంట సోడియము, ఆ రెంటివెంట నీరు పోవును. అదే సమయమున వస్తువు మార్చుకొను వాకిళ్లు మూతపడును. ఆ విషము సంగతిని 1959లో కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే గారు నిరూపించిరి. అయితే ఆ విషమును గ్లూకోజు తోడుగల వాకిలిని ముట్టలేదు. ఇల్లంతయు తగులబడుచున్నను పెరటితలుపొకటి తెఱచియే యున్నదన్నమాట. ఉప్పును చక్కెరయు తగిన పాళ్లలో కలిపి యిచ్చుట యనగా ఆ తలుపున నీటిని లోనికి పంపుటయే.

మా తప్పు అప్పుడు మాకు బోధపడెను. చక్కెర మితిమీరిన, తోడు దొరకని చక్కెర ప్రేగులోనే నిలిచిపోవును. నిలిచినది ఊరకుండక రక్తములోని నీటిని తనవైపు లాగుకొనును. ఊరగాయ ముక్కలకు ఉప్పు పట్టించిన నీరు ఊరుట మనమెఱుగనిది కాదు. మేము ప్రేమతో వేసిన ప్రతి చెంచాయు బిడ్డ రక్తములోని నీటిని తోడి బయట పోసినది. ఉప్పు మితిమీరినను అపాయమే. రక్తమున ఉప్పు పెరిగి పిల్లలకు మూర్ఛలు రావచ్చును.

ఈ మార్పిడిని కన్నులార చూచు అవకాశము మఱుసటి మాసమున కలిగెను. మా అమ్మమ్మగారి యూరు కంభము. పిల్లవాడు తేఱుకొన్న పిమ్మట అక్కడకు పోయి, సాయంకాలము చెఱువుకట్ట యెక్కితిమి. శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించినదని చెప్పుకొను చెఱువిది. గుండ్లకమ్మ నీటిని రెండు కొండల నడుమ ఆపినది. జాలరులు అప్పుడే తెచ్చిన చేప మొప్పలెత్తి, ఎఱ్ఱగా నున్నదా లేదా యని కొనువారు చూచుచుండిరి. మావారు ఆ మొప్పలను చూపి, “ఇవి ఊపిరికి మాత్రమే కావు, ఉప్పు బేరమునకును” అనిరి.

చేప రక్తము ఉప్పగా నుండును, చెఱువునీరు తీపి. అందుచేత పలుచని మొప్పపొరగుండ చేప ఉప్పు నిలువక కాఱిపోవుచుండును, నీరు లోనికి చొచ్చుచుండును. చేప పలుచని మూత్రమును విస్తారముగా విడిచి నీటిని పోగొట్టుకొనును. ఉప్పును మాత్రము మొప్పలచేత తిరిగి సంపాదించుకొనును. తనకు అక్కఱలేని ఆమ్లకణికను నీటికిచ్చి సోడియమును, బైకార్బొనేటు నిచ్చి క్లోరైడును పుచ్చుకొనును. మా అమ్మమ్మగారి చిన్ననాట కోస్తావైపునుండి ఉప్పుబండ్లు వచ్చి, జొన్నలు కొలిపించుకొని ఉప్పు పోసిపోయెడివట. చేప బేరమును అట్టిదే, రూకలతో పనిలేదు. 1930లలో డెన్మార్కు పండితుడు క్రో గారు కప్పలును, బంగారు చేపలును ఉప్పు దాదాపు లేని నీటినుండి సహితము క్లోరైడును ఏరుకొనగలవని చూపిరి.

అదే గుండ్లకమ్మ ఒంగోలు ప్రాంతమున సముద్రమున కలియును. అక్కడి చేపలది తలక్రిందుల సంసారము. చుట్టును నీరే యున్నను, ఆ నీరు తమ రక్తముకంటె ఉప్పన గనుక ఒంటినీరు బయటకు పోవుచుండును. అవి సముద్రపు నీటినే త్రాగి, మిక్కిలియైన ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణములచేత బయటకు నెట్టును. 1932లో కీస్, విల్మర్ అను వారు మలుగు జాతి చేప మొప్పలలో ఆ కణములను గుర్తించిరి. వాని బలమును చేప రక్తమువైపున నుండి మూడింటిని నెట్టి రెంటిని తెచ్చు ఆ ముఖ్య ద్వారపాలకుడే. చేప మొప్పయందును మా చిన్నవాని ప్రేగునందును ఒకే కావలివాడు నిలిచియున్నాడని తెలిసిననాడు, సకలభూతములయందు సమదృష్టి యను మాటకు మాకొక క్రొత్త యర్థము దొరకినట్లయ్యెను.

అయితే ఈ ద్వారపాలకులు సర్వసమర్థులు కారు. మా పశ్చిమప్రాంతమువారికి ఈ మాట బాగుగ తెలియవలెను. నీటిలోని ఫ్లోరైడును ఒక అయానే. అది కడుపులోని ఆమ్లముతో కలిసినప్పుడు విద్యుత్తు మోయని రూపము దాల్చి, కావలివాని కంటబడక పొరగుండ జాఱి రక్తమున చేరును. చేరి, పండ్లయందును ఎముకలయందును తిష్ఠవేయును. భారతదేశమున త్రాగునీటి ఫ్లోరైడువలన వచ్చు ఎముకల వ్యాధిని వైద్యులు 1937లో మొదట వర్ణించినది అప్పటి నెల్లూరుజిల్లాలోనే. నేటి ప్రకాశము ప్రాంతములోని కొన్ని తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. నీరు కాచినచో సూక్ష్మజీవులు చచ్చునుగాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. కావున బిడ్డలకు పొట్లము కలుపుటకైనను, నిత్యము త్రాగుటకైనను, బోరునీటిని పరీక్షింపక వాడవలదు.

ఇక ఈ ఉప్పు చక్కెరల తోడు సంగతి లోకమునకెట్లు తెలిసెను? 1960లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్రేను గారు ప్రేగులో సోడియము గ్లూకోజులు కలిసి పోవునని ప్రాగు నగరపు సభలో ప్రకటించిరి. 1968లో ఢాకాలోని వైద్యులు కలరా రోగులకు నోటితో ఇచ్చు ద్రవము పనిచేయునని చూపిరి. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున లక్షలకొలది కాందిశీకులు మన దేశమునకు వచ్చినప్పుడు, బనగాఁవు శిబిరమున కలరా ప్రబలెను. నరములోనికెక్కించు సెలైను చాలలేదు. అప్పుడు దిలీప్ మహలనబీసు గారు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, పీపాలకు కుళాయిలు బిగించి, రోగుల బంధువులచేతనే పట్టించిరి. నూటికి ఇరువది ముప్పదిగా నుండిన మరణములు నాలుగింటికి లోపుగా తగ్గెను. 1978లో లండను వైద్యపత్రిక లాన్సెట్టు ఇది ఆ శతాబ్దపు వైద్యవిజయములలో అత్యంత ముఖ్యమైనది కాగలదని వ్రాసెను. మహలనబీసు గారు 2022లో పరమపదించిరి. 2023లో ప్రభుత్వము వారికి పద్మవిభూషణము ప్రకటించెను.

ఈ కథనంతయు మావారు చెప్పునప్పుడు అత్తగారు వంటయింటి గడపలో కూర్చుండి వినుచుండిరి. 1978 అను మాట విన్నప్పుడు ఆమె చేతిలోని చేట ఆగిపోయెను. ఆ రాత్రి పిల్లలు నిదురించిన తరువాత మా ప్రక్కకు వచ్చి, మెల్లగా, “అమ్మాయీ, మీ ఆయనకంటే ముందు నాకో ఆడపిల్ల ఉండేది, తెలుసా?” అనిరి.

మాకు తెలియదు. పదేండ్లు ఆ యింట నుండియు వినలేదు. గిద్దలూరు దాపున నున్న పల్లెలో, 1979వ సంవత్సరపు వానలలో, రెండేండ్ల బిడ్డ వాంతిభేదితో రెండు దినములు కొట్టుకొన్నదట. నీళ్లు నీళ్లు అని యడిగినదట. పోసిన హెచ్చునని పెద్దలు వలదనగా, తడిగుడ్డతో పెదవులు మాత్రము తుడిచితినని చెప్పి ఆమె ఆగిరి. కొంతసేపటికి, “ఆ రోజు నీళ్లిచ్చుంటే బతికేదా?” అని యడిగిరి.

సోదరీమణులారా, తర్కము చదివితిమి, అలంకారము చదివితిమి. ఆ ప్రశ్నకు సమాధానము ఏ గ్రంథమునను మాకు కనబడలేదు. లేదనిన అబద్ధము, ఔననిన శూలము. తుదకు, “ఆ మాట పుట్టిందే గానీ అప్పటికి మన ఊరికి రాలేదత్తయ్యా. ఎవరూ మీకు చెప్పలేదు” అంటిమి. ఆమె తలయూచి, “గంజన్నా పోద్దామంటే మా అత్త పోయనీలేదు” అనిరి.

ఆ మాటను మఱునాడు మావారికి చెప్పగా, “అమ్మ మనస్సునకు తోచినది సరియైనదే” యనిరి. బియ్యపు గంజిలోని పిండి ప్రేగులో గ్లూకోజుగా మాఱును. అది మెల్లమెల్లగా విడిపోవును గనుక చక్కెరవలె నీటిని లాగదు. అందు తగిన ఉప్పున్న సోడియమునకు తోడు దొరకును. బియ్యముతో చేసిన ద్రవము కలరా రోగులకు మేలుచేయునని వైద్యులే చూపియున్నారు. అత్తగారికి ఆ సంగతిని మేమే చెప్పితిమి. ఆమె చాలసేపు మౌనముగా నుండి, కొంగుతో కన్నులు తుడుచుకొనిరి. ఆ కన్నీరు దుఃఖమో, ఊరటయో మేమడుగలేదు.

మాకు మాత్రమొకటి తోచినది. జ్ఞానము పుట్టుట వేఱు, మన గడప దాటుట వేఱు. అదియు ఒంటరిగా లోనికి రాలేదు. ఎవరైన చేయిపట్టి తేవలెను. మా యింటికి దానిని తెచ్చినది పొట్లపు సంచితో వచ్చిన ఆ వీధిపిల్ల.

ఆమె మాకు నేర్పిన విధమును ఇచట వ్రాయుచున్నాము. పొట్లము దొరకిన పొట్లమే శ్రేష్ఠము. నేడు వాడుక నున్న పొట్లములో లీటరు నీటికి ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియము క్లోరైడు 1.5, సోడియము సిట్రేటు 2.9 గ్రాములుండును. ఆ కొలతలో సోడియము కణికలును గ్లూకోజు కణికలును సరిసమానములు. పొట్లమును సాంతముగా లీటరు నీటిలోనే కలుపవలెను. మన చెంబులన్నియు లీటరు కావు గనుక గుర్తుగల సీసా వాడవలెను. చక్కెర గాని, పాలు గాని, పండ్లరసము గాని చేర్చరాదు. కలిపిన నీటిని ఇరువదినాలుగు గంటలకు మించి యుంచరాదు. పొట్లము లేనప్పుడు లీటరు శుద్ధజలమున ఆఱు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలుపవలెను. టీ చెంచాతో కొలిచి, పైన సమముగా గీచి వేయవలెను గాని గుట్టగా వేయరాదు.

రెండేండ్లలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారి 50 మొదలు 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవానికి 100 మొదలు 200 మిల్లీలీటర్లు చెంచాతో పట్టవలెను. తల్లిపాలు మానిపింపరాదు, అన్నము మానిపింపరాదు. జింకు మాత్రలు ఆఱు మాసములు దాటినవారికి దినమునకు 20, అంతకు చిన్నవారికి 10 మిల్లీగ్రాములు, పదునాలుగు దినములు ఇత్తురు. నెత్తురు పడినను, త్రాగలేకున్నను, మగతగా నున్నను, వాంతి ఆగకున్నను, మూత్రము రాకున్నను ఇంటివైద్యము చాలించి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇప్పుడు మా దేవునిగూటిలో కుంకుమభరిణె ప్రక్కన రెండు పొట్లములు ఎప్పుడును ఉండును. పెట్టినవారు అత్తగారు. వీధిలో ఏ బిడ్డకు విరేచనములని విన్నను పొట్లము, లీటరు సీసా తీసికొని మాకంటె ముందుగా ఆమెయే పోవుదురు. మొన్నటి వానలలో పొట్లములు అయిపోగా, చక్కెరచెంచాపై కత్తివెన్నుతో గీచి సమము చేయుచు, ఆ యింటి కోడలితో, “చేత్తో వెయ్యబాకమ్మా. మన చేతికి ప్రేమ ఎక్కువ, లెక్క తక్కువ” అనుచుండగా మేము వింటిమి.

ఊరగాయకు మన వేళ్లు చాలును. బిడ్డ ప్రాణమునకు చెంచా కావలెను. చదివిన సోదరీమణులు ఈ కొలతను ఒక కాగితముపై వ్రాసి ఉప్పుజాడి మూతకు అంటించుకొనిన మా వ్రాత సార్థకమగును.